కొత్త రౌటర్ పెట్టాక నా ఫోన్ ఒక్కటే వైఫైకి మొరాయిస్తోంది, ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యాలా?

ప్రశ్న: ఇంట్లో పాత రౌటర్ తీసేసి కొత్తది పెట్టించాం. అందరికీ మళ్లీ చెప్పుకోనక్కర్లేదని పాత పేరు, పాత పాస్‌వర్డే ఉంచాం. మిగతా ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ వాటంతటవే కలిశాయి. ఐదేళ్లనాటి నా ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే కుదరడం లేదు. ఒక్కోసారి వైఫై పేరు కింద ‘సేవ్డ్’ అని చూపించి ఊరుకుంటుంది. ఒక్కోసారి ‘కనెక్టెడ్’ అంటుంది కానీ పక్కనే ‘నో ఇంటర్నెట్’ అని కూడా అంటుంది. ఫోన్ నాలుగైదుసార్లు రీస్టార్ట్ చేశాను, రౌటర్ కూడా ఆపి వేశాను. ఎప్పుడో స్పీడ్ పెరుగుతుందని ఒక వీడియో చూసి వైఫైలో ఏవో అంకెలు మార్చిన గుర్తు. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే సరిపోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. ఫోన్‌లో ఫొటోలు చాలా ఉన్నాయి. అంతదాకా వెళ్లాలా?

సమాధానం: వద్దు. ఫ్యాక్టరీ రీసెట్‌తో వైఫై సెట్టింగులు చెరిగిపోయే మాట నిజమే కానీ, ఫొటోల జోలికి పోకుండా వాటిని మాత్రమే చెరిపే మార్గం ఫోన్‌లోనే వేరే ఉంది. అది కూడా చివర్లో చేయాల్సిన పని. పైగా మీరు రాసింది చూస్తే తప్పు సగం ఫోన్‌లో, సగం రౌటర్‌లో ఉన్నట్టుంది. రౌటర్‌లో ఉన్న సగానికి మీ ఫోన్‌ని ఎన్నిసార్లు తుడిచినా ప్రయోజనం లేదు.

మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చేవి ఆ రెండు మాటలు: ‘సేవ్డ్’, ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’. చాలామంది వీటిని పట్టించుకోకుండా ‘వైఫై రావట్లేదు’ అని ఒకే గాటన కట్టేస్తారు. ఇవి రెండూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరు.

ఫోన్ వైఫైకి ఎక్కడమంటే నాలుగు మెట్లు దాటడం. మొదటిది, రౌటర్ తన పేరును సెకనుకు దాదాపు పదిసార్లు గాలిలోకి చాటుతుంటే ఫోన్ దాన్ని వినాలి. రెండోది, పాస్‌వర్డ్ సరిచూపు. ఇక్కడ పాస్‌వర్డ్ గాలిలో ప్రయాణించదు. దాని ఆధారంగా అటూ ఇటూ ఒకే లెక్క వేసి, జవాబులు కలిశాయో లేదో చూసుకుంటాయి. మూడోది, రౌటర్ ఫోన్‌కి ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే అంకెలు) కేటాయించాలి. ఈ పని చేసేదాన్నే డీహెచ్‌సీపీ అంటారు. నాలుగోది, ఆ అడ్రస్‌తో ఫోన్ బయటి ప్రపంచాన్ని చేరాలి. చేరిందో లేదో తెలుసుకోవడానికి ఫోన్ తనంతట తానే ఒక చిన్న అభ్యర్థన పంపి చూస్తుంది. జవాబు రాకపోతే ‘నో ఇంటర్నెట్’ అని రాస్తుంది.

‘సేవ్డ్’ అని ఆగిపోయిందంటే ఎక్కువగా రెండో మెట్టు దగ్గర బోల్తా పడి, మళ్లీ ప్రయత్నించడం మానుకుందన్నమాట. ‘ఆథెంటికేషన్ ప్రాబ్లమ్’, ‘చెక్ పాస్‌వర్డ్’ అని వచ్చినా అదే మెట్టు. ‘ఆబ్టెయినింగ్ ఐపీ అడ్రస్’ అంటూ తిరుగుతూ ఉన్నా, ‘ఐపీ కాన్ఫిగరేషన్ ఫెయిల్యూర్’ అన్నా మూడో మెట్టు. ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అంటే పాస్‌వర్డ్ గడప దాటేసింది, ఆ తర్వాత ఎక్కడో ఇరుక్కుంది.

కాబట్టి మీ పాస్‌వర్డ్ తప్పు కాదు. తప్పయితే ఒక్కసారి కూడా ‘కనెక్టెడ్’ అనేది కాదు. దాన్ని పదేపదే కొట్టి చూడటం ఇక మానేయండి. మరి ఒకసారి ఒప్పుకుని ఒకసారి కాదనడం ఏమిటంటే, కొత్త రౌటర్‌లో రెండు రేడియోలు ఉంటాయి, ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. రెండిటికీ ఒకే పేరు పెట్టడం ఇప్పటి రౌటర్ల అలవాటు. మీ తెరమీద ఒక్క పేరే కనిపిస్తుంది కానీ ఫోన్ ఒకసారి ఒకదాన్ని, ఇంకోసారి రెండోదాన్ని తడుతూ ఉంటుంది. ఒకటి రానిచ్చి, రెండోది తలుపు వేస్తోందని నా అనుమానం.

ముందుగా రౌటర్‌ని పక్కన పెట్టి ఐదు నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. ఇంట్లో ఇంకో ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, మీ ఫోన్‌ని దానికి కలపండి. చాలా ఫోన్ల హాట్‌స్పాట్ సెట్టింగుల్లో ‘బ్యాండ్’ అనే ఎంపిక ఉంటుంది. ముందు 2.4లో, తర్వాత 5లో పెట్టి రెండుసార్లు చూడండి. రెండింటికీ కలిసి నెట్ వస్తే మీ ఫోన్‌లోని వైఫై భాగం నిక్షేపంగా ఉన్నట్టే. 2.4కి కలిసి, 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ అసలు జాబితాలోనే కనిపించకపోతే మీ ఫోన్‌కి ఆ బ్యాండ్ లేకపోవచ్చు. తక్కువ ధర ఫోన్లలో అది మామూలే, జబ్బు కాదు. దేనికీ కలవకపోతే మాత్రం ఈ జవాబు చివరి భాగానికి వెళ్లండి.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న. పాత రౌటర్ ఇంకా ఎక్కడైనా వెలుగుతోందా? లేదా దూరపు గదికి సిగ్నల్ కోసం పెట్టుకున్న ఎక్స్‌టెండర్ ఏదైనా ప్లగ్గులోనే ఉందా? మీరు పాత పేరు, పాత పాస్‌వర్డే ఉంచారు. పాత పెట్టె కరెంటు మీద ఉన్నంతసేపు అదే పేరును చాటుతూనే ఉంటుంది, మీ ఫోన్ దాని దగ్గరికే వెళ్లి కలుస్తుంది. దానికి వెనక నెట్ లైను ఉండదు కాబట్టి ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అనే చూపిస్తుంది. ఎంత వెతికినా దొరకని కారణాల్లో ఇదొకటి. అలాంటిదేమైనా ఉంటే ప్లగ్గు పీకేయండి. ఎక్స్‌టెండర్ కావాలనుకుంటే కొత్త రౌటర్‌తో మళ్లీ జత చేయాలి.

రౌటర్ ఆపి వేశానన్నారు. స్విచ్ టక్కున వేసి తీయడం చాలదు. అడాప్టర్ పీకి 30 సెకన్లు ఆగి, మళ్లీ పెట్టి, దీపాలన్నీ నిలకడగా వెలిగేదాకా రెండు మూడు నిమిషాలు ఆగాలి. మోడెం వేరే పెట్టెగా ఉంటే ముందు దాన్ని వేసి, అది కుదురుకున్నాక రౌటర్ వేయాలి. రౌటర్ వెనక గుంటలో ఉండే రీసెట్ మీట జోలికి మాత్రం వెళ్లొద్దు. దాన్ని పిన్నుతో పది సెకన్లు నొక్కితే వైఫై పేరుతో పాటు నెట్ కంపెనీ వాళ్లు ఎక్కించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి. అప్పుడు ఇంటిల్లిపాదికీ నెట్ ఉండదు.

ఇక అసలు పని. సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి మీ ఇంటి పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కండి. ‘ఫర్గెట్’ కొట్టే ముందు అక్కడున్న అంకెలు ఒకసారి చదవండి. ‘ఐపీ సెట్టింగ్స్’ అన్నచోట ‘డీహెచ్‌సీపీ’ అని ఉందా, ‘స్టాటిక్’ (అంకెలు చేత్తో ఇచ్చి స్థిరంగా ఉంచడం) అని ఉందా? (కొన్ని ఫోన్లలో ఇది ‘మోడిఫై’ లేదా ‘అడ్వాన్స్‌డ్’ నొక్కితేగానీ బయటపడదు.) ‘స్టాటిక్’ అని ఉంటే మీ రెండో జబ్బు దొరికినట్టే. స్పీడ్ కోసమని చేసే వీడియోల్లో డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను అంకెలుగా మార్చే వ్యవస్థ) మార్చమంటారు. ఆండ్రాయిడ్‌లో ఒక వైఫైకి డీఎన్‌ఎస్ అంకెలు చేత్తో ఇవ్వాలంటే ముందు ‘స్టాటిక్’కి మారాలి. అలా మారినప్పుడు ఫోన్ అడ్రస్, గేట్‌వే (ఫోన్ బయటికి వెళ్లే ద్వారం, అంటే రౌటర్ అడ్రస్) కూడా రాయితో చెక్కినట్టు ఉండిపోతాయి.

పాత రౌటర్ అడ్రస్ 192.168.0.1 అనుకుందాం. మీ ఫోన్‌లో 192.168.0.50 అని చెక్కి ఉంది. కొత్త రౌటర్ 192.168.1.1 మీద కూర్చుంది. ఫోన్ గేటు దాటి లోపలికి వస్తుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ సరైనదే. కానీ రౌటర్‌ని పాత చిరునామాలో వెతుకుతుంది. అక్కడ ఎవరూ ఉండరు. ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’. మిగతా పరికరాలన్నీ అడ్రస్‌ని కొత్తగా అడిగి తీసుకున్నాయి కాబట్టి వాటికి ఈ తిప్పలు లేవు. పేరు మారి ఉంటే మీ ఫోన్ కూడా దీన్ని కొత్త వైఫై అనుకుని అన్నీ కొత్తగా అడిగేది. పాత పేరు ఉంచడం వల్లే పాత అంకెలు కూడా వెంట వచ్చాయి.

నా ఊహ నిజమో కాదో తేల్చడానికి, నెట్ వస్తున్న ఇంకో ఫోన్‌ని పక్కన పెట్టుకుని రెండిటిలోనూ అవే వివరాలు తెరవండి. ఐపీ అడ్రస్‌లో మొదటి మూడు అంకెల గుంపులు రెండు ఫోన్లలోనూ ఒకటే ఉండాలి. చివరిది మాత్రం వేరుగా ఉండాలి. గేట్‌వే అచ్చంగా ఒకటే ఉండాలి. సబ్‌నెట్ మాస్క్ ఇళ్లలో దాదాపు ఎప్పుడూ 255.255.255.0. ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా కారణం అదే. అడ్రస్ 169.254తో మొదలైతే (ఐఫోన్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది) రౌటర్ నుంచి అడ్రస్ రాక ఫోన్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం.

ఇప్పుడు ‘ఫర్గెట్’ నొక్కండి. వైఫై ఆపి, పది సెకన్ల తర్వాత వేసి, పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వండి. చేత్తో కొట్టడం కంటే, కలిసి ఉన్న ఇంకో ఫోన్‌లో (ఆండ్రాయిడ్ 10 నుంచి ఉంది) వైఫై వివరాల్లోని ‘షేర్’ నొక్కి వచ్చే క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేస్తే చిన్నక్షరం, పెద్దక్షరం గొడవ ఉండదు. ‘ఐపీ సెట్టింగ్స్’ డీహెచ్‌సీపీ మీదే వదిలేయండి. ‘ప్రాక్సీ’ దగ్గర ‘నన్’ అని ఉండాలి.

దీంతో ‘నో ఇంటర్నెట్’ పోవచ్చు. ‘సేవ్డ్’ మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉండొచ్చు. అది రౌటర్ వైపు తెగులు, దానికి రౌటర్ లోపలికి వెళ్లాలి.

నెట్ వస్తున్న ఫోన్‌లో చూసిన గేట్‌వే అంకెలనే దాని బ్రౌజర్‌లో కొట్టండి. రౌటర్ పేజీ తెరుచుకుంటుంది. లాగిన్ వివరాలు చాలా రౌటర్లకు అడుగున అంటించిన కాగితం మీద ఉంటాయి. అది వైఫై పాస్‌వర్డ్‌కి వేరు, తికమక పడకండి. లోపల ‘వైర్‌లెస్’ లేదా ‘వైఫై’ అన్న విభాగంలో, ఒక్కో బ్యాండ్ కింద ‘సెక్యూరిటీ’ లేదా ‘ఆథెంటికేషన్’ అని ఉంటుంది. ఏదైనా మార్చే ముందు ఆ పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. తేడా కొడితే వెనక్కి రావడానికి అదే దారి.

అక్కడ ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ అని రెండూ కలిపి ఉంటే నా మొదటి అనుమానం దాని మీదే. డబ్ల్యూపీఏ2 అనేది 2004 నుంచి ఉన్న తాళం. డబ్ల్యూపీఏ3 2018లో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో దీనికి చోటు దొరికింది 10వ వెర్షన్ నుంచి, అదీ లోపలి చిప్ సహకరిస్తేనే. రెండూ కలిపిన పద్ధతి పాత పరికరాలు పాత తాళంతో, కొత్తవి కొత్త తాళంతో రావడానికే పెట్టారు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ కొన్ని పాత చిప్‌లు ఈ ద్విపాత్రాభినయం చూసి కంగారుపడతాయి. కొన్ని డబ్ల్యూపీఏ3తో మొదలుపెట్టి మధ్యలో తప్పుతాయి. కొన్ని దానితోపాటు వచ్చే ‘పీఎంఎఫ్’ అనే అదనపు రక్షణ దగ్గర ఆగిపోతాయి. ఫోన్ మాత్రం నిజం చెప్పకుండా ‘చెక్ పాస్‌వర్డ్’ అనో ‘సేవ్డ్’ అనో చూపిస్తుంది. పాపం పాస్‌వర్డ్‌కి ఈ నింద అనవసరం.

చేయాల్సింది: 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సెక్యూరిటీని ‘డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే’ ఒక్కటే చేసి, ఎన్‌క్రిప్షన్ ‘ఏఈఎస్’ పెట్టండి. ‘పీఎంఎఫ్’ ఎంపిక విడిగా కనిపిస్తే ‘రిక్వైర్డ్’ నుంచి ‘కేపబుల్’కి మార్చండి. ‘టీకేఐపీ’ అన్న మాట ఉన్నదేదీ ఎంచుకోకండి. అది పాతబడి బలహీనమైన పద్ధతి, పైగా దానితో వేగం 54 ఎంబీపీఎస్ దాటదు. ‘నన్’ లేదా ‘ఓపెన్’ పెట్టి చూద్దామనే ఆలోచన కూడా వద్దు, పరీక్షకోసం పెట్టినవాళ్లు తర్వాత మర్చిపోతారు. డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ అంటే భద్రత తగ్గిపోతుందని కంగారు అక్కర్లేదు. పాస్‌వర్డ్ ఊహకందనిదై, పన్నెండు అక్షరాలకు తగ్గకుండా ఉంటే ఇంటికి అది చాలు. సేవ్ చేశాక రౌటర్ ఒక నిమిషం వైఫై ఆపి మళ్లీ వేస్తుంది. ఒకటి రెండు పరికరాలు పాస్‌వర్డ్ మళ్లీ అడగొచ్చు.

అదే పేజీలో ఉండగానే రెండు బ్యాండ్ల పేర్లు విడదీయండి. ‘స్మార్ట్ కనెక్ట్’, ‘బ్యాండ్ స్టీరింగ్’ అనే మీట ఉంటే ముందు దాన్ని ఆపితేగానీ పేర్లు విడిపోవు. 2.4కి ఇప్పుడున్న పేరే ఉంచి, 5కి చివర ‘5జి’ అని తగిలిస్తే చాలు. ఇది మొబైల్ 5జీకి సంబంధించింది కాదని ఇంట్లోవాళ్లకి ఒక మాట చెప్పండి, లేకపోతే అదొక చర్చ అవుతుంది. పేర్లు విడిపోయాక మీ ఫోన్ దేనికి కలుస్తోందో, దేనికి కలవడం లేదో కళ్లెదుట తేలిపోతుంది. 2.4కి చక్కగా కలిసి 5కి కలవకపోతే, 5 బ్యాండ్‌లో కూడా అదే సెక్యూరిటీ మార్పు చేయండి. లేదా ఆ ఫోన్‌ని 2.4 మీదే వదిలేయండి. వీడియోలు చూడటానికి, మాట్లాడటానికి అది ధారాళంగా సరిపోతుంది.

ప్రధాన వైఫైని కదపడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. రౌటర్‌లో ‘గెస్ట్ నెట్‌వర్క్’ తెరిచి, దాన్ని 2.4లో, డబ్ల్యూపీఏ2తో పెట్టి పాత ఫోన్‌కి అది ఇవ్వండి. ఒక్క ఇబ్బంది: గెస్ట్‌లో ఉన్న పరికరాలు చాలా రౌటర్లలో మిగతావాటికి కనిపించవు. మీ ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపడం, ప్రింటర్ వాడటం కుదరదు.

ఒక్కోరోజు జాబితాలో పేరే కనిపించకపోతే అది మొదటి మెట్టు సమస్య. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు ఉంటాయి. కొన్ని దేశాల్లో 11తోనే ఆగుతాయి, అక్కడికోసం తయారైన ఫోన్ 12, 13 ఛానెళ్లను వినదు. రౌటర్ ఛానెల్ ‘ఆటో’లో ఉండి ఒకరోజు 13కి జరిగితే ఆ ఫోన్‌కి వైఫై మాయమైనట్టే. 1, 6, 11లో ఏదో ఒకటి చేత్తో పెట్టేయండి. వెడల్పు ‘20 మెగాహెర్ట్జ్’ ఉంచండి. ఈ మూడు ఛానెళ్లే ఎందుకంటే ఛానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో వైఫైకి కావాల్సిన జాగా 20. ఈ మూడూ ఒకదాన్నొకటి తొక్కుకోవు. 5లో అయితే 36 నుంచి 48 మధ్య ఏదైనా పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ తగిలితే రౌటర్ ఛానెల్ ఖాళీ చేసి వెళ్లిపోవాలి, అలాంటిదే ఇంకో ఛానెల్‌కి వెళ్లాలంటే కనీసం 60 సెకన్లు విని చూసి మొదలుపెట్టాలి. వైఫై ఉన్నట్టుండి నిమిషంపాటు పోయి తిరిగి వచ్చే ఇళ్లలో ఇదొక కారణం. ఛానెళ్లు మార్చినా పేరు రాకపోతే 2.4 బ్యాండ్‌లో ‘మోడ్’ చూడండి. ‘ఏఎక్స్’ (కొత్త తరం వైఫై) కలిసి ఉంటే దాన్ని తీసి ‘బి/జి/ఎన్’ పెట్టండి. మరీ పాత చిప్‌లలో కొన్నింటికి ఏఎక్స్ ప్రకటన అర్థంకాక పేరునే వదిలేస్తాయి.

ఇప్పుడు మళ్లీ ఫోన్ వైపు. అడ్రస్ అంకెలన్నీ సరిగ్గానే ఉండి కూడా ‘నో ఇంటర్నెట్’ అంటుంటే, మొబైల్ డేటా ఆపి, బ్రౌజర్‌లో గేట్‌వే అంకెలు కొట్టండి. రౌటర్ పేజీ వస్తే రౌటర్ దాకా దారి బాగున్నట్టే. తర్వాత 1.1.1.1 కొట్టండి. అది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల పేజీ, అంకెలతోనే తెరుచుకుంటుంది. అది వచ్చి, పేర్లతో కొట్టే సైట్లు రాకపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది, అంటే పేర్లను అంకెలుగా మార్చే వ్యవస్థది. ఆండ్రాయిడ్ 9 నుంచి ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ అని ఒకటుంది. సెట్టింగ్స్‌లోని వెతుకు పెట్టెలో ఆ పేరు కొడితే దొరుకుతుంది. ప్రకటనలు ఆపడానికని అందులో ఎవరిదో సర్వర్ పేరు రాసి మర్చిపోయినవాళ్లు బోలెడుమంది. ‘ఆటోమేటిక్’ పెట్టండి. మొబైల్ డేటాలో బాగా నడిచి వైఫైలోనే ఆగుతుంటే, ఆ సర్వర్ బతికే ఉంది కానీ అది వాడే 853 పోర్టును (నెట్‌లో ఒక్కో పనికి ఉండే నంబరు ద్వారాన్ని) మీ రౌటర్ మూసేసిందని అనుకోవచ్చు. మందు మాత్రం అదే. వీపీఎన్, ప్రకటనలు ఆపే యాప్‌లు ఉంటే వాటినీ ఆపి చూడండి. ‘ఆల్వేస్ ఆన్ వీపీఎన్’ అన్న మీట వేసి ఉంటే దాన్ని కూడా ఆపి చూడండి.

తేదీ, సమయం ఒకసారి చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన పాత ఫోన్ ఏళ్లు వెనక్కి వెళ్లిపోతే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లనివిగా కనిపిస్తాయి. ‘ఆటోమేటిక్’ పెట్టేస్తే సరి.

రౌటర్‌లో ‘మ్యాక్ ఫిల్టర్’ (పరికరం సొంత గుర్తింపు సంఖ్య అయిన మ్యాక్ అడ్రస్‌ని చూసి రానిచ్చే జాబితా) లేదా పిల్లల కోసం పెట్టే ‘యాక్సెస్ కంట్రోల్’ ఉందేమో చూడండి. కొత్త రౌటర్లో ఎవరూ పెట్టకపోతే ఉండదు. ఉంటే మాత్రం ఒక తిరకాసు ఉంది: ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ ఇవ్వకుండా ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత అడ్రస్ ఇస్తున్నాయి. ఆ అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఎ, ఈ వీటిలో ఏదైనా అయితే అది కల్పితం. మీరు పెట్టె మీద చూసి అసలు అడ్రస్‌కి అనుమతి ఇస్తే, ఫోన్ మారుపేరుతో వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది. వైఫై వివరాల్లో ‘ప్రైవసీ’ నొక్కి ఈ ఒక్క వైఫైకి ‘యూజ్ డివైస్ మ్యాక్’ పెట్టండి. ఐఫోన్‌లో అయితే ‘ప్రైవేట్ వైఫై అడ్రస్’ ఆపండి. ఈ కల్పిత అడ్రస్‌ల వల్ల ఇంకో చిక్కు. ఒకే ఫోన్ రెండు మూడు పేర్లతో అడ్రస్‌లు తీసుకుని పోతుంటుంది. రౌటర్ డీహెచ్‌సీపీ జాబితాలో ఇచ్చే అడ్రస్‌లు ఏ 20కో పరిమితమైతే త్వరగా అయిపోతాయి. వంద దాకా, అంటే 192.168.1.100 నుంచి 192.168.1.199 లాగా పెట్టుకుంటే ఇంటికి ఢోకా ఉండదు.

ఇన్ని చేశాకా కుదరకపోతేనే నెట్‌వర్క్ రీసెట్. చాలా ఆండ్రాయిడ్లలో సెట్టింగ్స్, సిస్టమ్, రీసెట్ ఆప్షన్స్, ‘రీసెట్ వైఫై, మొబైల్ అండ్ బ్లూటూత్’. శామ్‌సంగ్‌లో ‘జనరల్ మేనేజ్‌మెంట్’ కింద రీసెట్‌లో ఉంటుంది. ఐఫోన్‌లో జనరల్, ‘ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐఫోన్’, రీసెట్, ‘రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’. ఫొటోలు, యాప్‌లు, మెసేజ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. పోయేవి: ఇప్పటిదాకా గుర్తుపెట్టుకున్న వైఫైలన్నీ, బ్లూటూత్ జతలు, మీరు చేత్తో మార్చి ఉంటే మొబైల్ డేటా ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కి కలిపే సెట్టింగు) వివరాలు. ముఖ్యమైన జాగ్రత్త ఒకటి: కొన్ని ఫోన్లలో అదే తెరమీద ‘ఎరేజ్ ఈసిమ్స్’ అనే టిక్ పెట్టె కనిపిస్తుంది. మీరు ఈసిమ్ వాడుతుంటే దానిలో టిక్ లేకుండా చూసుకోండి, లేదంటే నంబరు మళ్లీ ఎక్కించుకోవడానికి తిరగాలి.

ఇక, మొదటి పరీక్షలో హాట్‌స్పాట్‌కి కూడా కలవనివాళ్ల సంగతి. వైఫై మీట వేస్తే దానంతటదే వెనక్కి వెళ్లిపోతోందా? బూడిద రంగులో ఉండి కదలడం లేదా? ‘అబౌట్ ఫోన్’లో వైఫై మ్యాక్ అడ్రస్ దగ్గర ‘అన్‌అవైలబుల్’ అనో, 02:00:00:00:00:00 అనో ఉందా? బ్లూటూత్ కూడా పనిచేయడం మానేసిందా? చాలా ఫోన్లలో వైఫై, బ్లూటూత్ ఒకే చిప్‌లో ఉంటాయి కాబట్టి రెండూ కలిసి పడకేస్తే అది లోపలి భాగం చెడినట్టు గట్టి సూచన. సిస్టమ్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే ఇలా అయితే మాత్రం, తర్వాతి అప్‌డేట్ ఏదైనా వచ్చి ఉందేమో మొబైల్ డేటాతో చూసి వేసుకున్నాకే ఆ నిర్ధారణకి రండి.

రౌటర్ పక్కన రెండు అడుగుల్లో బాగా కలిసి, గది దాటగానే తెగిపోతుంటే చిప్ బాగానే ఉంది, యాంటెన్నా కనెక్షన్ వదులైంది. స్క్రీనో బ్యాటరీయో మార్పించిన తర్వాత ఇది మొదలైతే, విప్పి బిగించినప్పుడు చిన్న యాంటెన్నా తీగ సరిగ్గా కూర్చోలేదని అనుకోవచ్చు. లోహపు కేసు వేసి ఉంటే ముందు అది తీసి చూడండి. మీటర్ దూరంలో మంచి ఫోన్ సిగ్నల్ బలాన్ని మైనస్ 30 నుంచి మైనస్ 50 డీబీఎం మధ్య చూపిస్తుంది (సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం). సిగ్నల్ కొలిచే యాప్ ఏదైనా పెట్టుకుని అదేచోట రెండు ఫోన్లనీ పక్కపక్కన పెట్టి చూడండి (లొకేషన్ ఆన్‌లో లేకపోతే ఈ యాప్‌లకు ఆండ్రాయిడ్ ఏమీ చూపించదు). మీ ఫోన్ 20 డీబీ దాకా వెనకబడితే యాంటెన్నా అనే చెప్పొచ్చు. రిపేరుకి ఇచ్చేటప్పుడు ‘వైఫై రావట్లేదు’ అనకుండా ‘దగ్గర కలుస్తుంది, దూరం వెళ్తే పోతుంది, యాంటెన్నా తీగ చూడండి’ అని చెప్పండి. ఇచ్చే ముందు ఫొటోలు కేబుల్‌తో కంప్యూటర్‌లోకి దింపుకోండి. కేబుల్ పెట్టాక ఫోన్ తెరమీద వచ్చే యూఎస్‌బీ నోటిఫికేషన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకుంటే చాలు, దానికి వైఫై అవసరం లేదు.